తీపి బావి, రెండు బస్తాల ఉప్పు

గొంతు బొంగురుపోయిందని మా ఆవిడ పొద్దున్నే గోరువెచ్చని నీళ్ళలో ఉప్పు కలిపి ఇచ్చింది. పుక్కిలించి ఉమ్మేయమని అర్థం. నేను మాత్రం ఒక గుక్క నోట్లో పోసుకుని, పుక్కిలించకుండా, మింగకుండా, పెరటి గడప మీద అలాగే నిలబడిపోయాను. నోట్లో నీళ్ళున్నవాడు మాట్లాడలేడు కనుక ఆ కాసేపూ ఇల్లు ఎంతో ప్రశాంతంగా ఉందని మా ఆవిడ తర్వాత చెప్పింది. నాలుక మీద ఉప్పు నీళ్ళు తగిలితే నాకు కోదాడ గుర్తుకొస్తుంది. కోదాడ గుర్తుకొస్తే డాక్టర్ దేవదానం గారు గుర్తుకొస్తారు. ఆయన గుర్తుకొస్తే నా తెలివితక్కువతనం గుర్తుకొస్తుంది. మూడూ ఒకే తాడుకు కట్టిన చేదలు. ఒకటి లాగితే మిగతా రెండూ నీళ్ళోడుతూ పైకి వస్తాయి.

తెలివితక్కువతనం సంగతి ముందే చెప్పేస్తాను, తర్వాత మీరు కనిపెట్టి నవ్వేకంటే అదే మర్యాద. హైదరాబాదు రాజ్యం దేశంలో కలిసిన మరుసటి ఏడు నేను కోదాడలో శానిటరీ ఇన్‌స్పెక్టరుగా చేరాను. అప్పటికి నాకు మీసం కంటే ఉత్సాహం ఎక్కువ. బెజవాడ నుంచి హైదరాబాదు పోయే బస్సులు కోదాడలో ఆగేవి. దిగిన ప్రయాణికులు టీ తాగి, ఊళ్ళో గోడలన్నిటినీ తడిపి, మళ్ళీ ఎక్కిపోయేవారు. ఈ గోడల గోడు వినలేక నేను బస్సులు ఆగే హోటలు వెనక గుంత పాయిఖానా ఒకటి తవ్వించాను. అదే నా మొదటి ఘనకార్యం. మామూలు లోతుకు తవ్వి కూలీలు ఆగారు. "సారూ, బండ నెర్రె తగిలింది. నెమ్ము కారుతున్నది. ఇంకా తవ్వాల్నా?" అని అడిగాడు వాళ్ళలో పెద్దాయన. తవ్వమన్నాను. లోతు ఎక్కువైతే గుంత నిండడానికి పదేళ్ళు పడుతుంది, అడుగున ఊట ఉంటే కడిగే పని కూడా తప్పుతుంది అని లెక్క వేసుకున్నాను. ఆ పూట నా తెలివికి నేనే మురిసిపోయి రెండు టీలు తాగాను.

హోటలు గోడ అవతలే పుల్లయ్యగారి ఇల్లు. నేను కిరాయికి ఉన్నది ఆ ఇంటి ముందు గదిలోనే. ఆయన పేరు పుల్లయ్య, బావి మాత్రం తియ్యన. మా వైపు నీళ్ళ సంగతి తెలిసినవాళ్ళకు ఇది ఎంత పెద్ద విషయమో చెప్పనక్కర లేదు. చుట్టూ ఏ బావిలో చేద వేసినా చవుడో, ఉప్పదనమో, నాలుక మీద సున్నం రాసినట్టుండే ఏదో ఒక రుచో వచ్చేది. పుల్లయ్యగారి పెరటి బావి ఒక్కటే కొబ్బరి నీళ్ళు. బస్సు డ్రైవర్లు కూజాలు నింపుకునేవారు, ప్రయాణికులు మరచెంబులు నింపుకునేవారు. పుల్లయ్యగారు భుజం మీద కండువాతో బావి చప్టా దగ్గర నిలబడి, తాగేవాళ్ళ ముఖాలు చూసేవాడు. "ఎట్లున్నయ్?" అని అడిగేవాడు. జవాబు తెలిసినా అడిగేవాడు. ఆయన ఒక్కగానొక్క కూతురు సుశీలను మిర్యాలగూడలో ఇచ్చారు. ఆమెకు తొలిచూలు. వేవిళ్ళలో అందరూ మామిడికాయో, మట్టిబెడ్డో అడుగుతారు. ఆ పిల్ల పుట్టింటి బావి నీళ్ళు అడిగింది. దాంతో వడ్లు తోలే బండ్లు మిర్యాలగూడ వైపు పోయినప్పుడల్లా మూతికి గుడ్డ కట్టిన కడవ ఒకటి వాటితో పాటు పోయేది.

ఇక మా డాక్టరుగారు. సూర్యాపేటలో ఉండేవారు, మా పైఅధికారి. సన్నగా, పొడుగ్గా, ఖాకీ గొడుగు చంకన పెట్టుకుని నడుస్తుంటే దూరానికి ఏది ఆయనో ఏది గొడుగో తెలిసేది కాదు. ఆయనకో అలవాటు. ఏ ఇంటికి వెళ్ళినా, ఎంత ఆప్యాయంగా పిలిచినా, ముందు వసారాలో కూర్చునేవారు కాదు. తిన్నగా పెరట్లోకి వెళ్ళి బావి ఎక్కడ, పాయిఖానా ఎక్కడ, పశువుల కొట్టం ఎక్కడ, నేల ఎటు వాలు అని చూసి వచ్చాకనే మంచినీళ్ళు పుచ్చుకునేవారు. ముందు పెరడు, తర్వాత పలకరింపు. మొదటిసారి నా గదికి వచ్చిన రోజున కూడా వాకిట్లో చెప్పులు విడిచి నేరుగా పెరట్లోకి నడిచారు. పుల్లయ్యగారి భార్య అనసూయమ్మ గబగబా చెంబు నిండా నీళ్ళు పట్టుకుని వెంటపడింది. "అయ్యో, పాపం దూరం నుంచి వచ్చిండు, ఆగలేకపోతున్నట్టున్నడు," అంది నాతో. ఆయన వెనక్కి తిరిగి, ఆ చెంబు చూసి, రెండు చేతులతో అందుకున్నారు. "దీనికి కూడా పనికొస్తయ్ తల్లీ," అని ఆ నీళ్ళతో కాళ్ళు కడుక్కున్నారు. ఎదుటివాళ్ళ పొరపాటును చిన్నబుచ్చకుండా ఎలా అందుకోవాలో నేను చూసిన మొదటి పాఠం అది. ఆ రోజుకు ఇంకా గుంత లేదు. అందుకే పెరడు పాసయింది.

గుంత తవ్విన కొన్నాళ్ళకు కామెర్లు మొదలయ్యాయి. బస్సులు ఆగే చోటు చుట్టుపక్కల ఇళ్ళలో ఒకరి తర్వాత ఒకరు పసుపు రాసుకున్నట్టు తేలారు. కొందరు వాతలు పెట్టించుకున్నారు, కొందరు పసరు తాగారు. నేను ఊళ్ళో మిగతా బావులన్నిటిలో మందు వేసి, పుల్లయ్యగారి బావి నీళ్ళను సీసాలో పట్టి గులాబీ రంగు పొటాషియం మందు కలిపి చూశాను. మురికి ఉంటే విరగాల్సిన రంగు విరగలేదు. "ఊరు మొత్తంలో శుద్ధమైన నీళ్ళు మీవే" అని ఆయన ఎదుటే ప్రకటించాను. పుల్లయ్యగారు ఆ మాట మర్నాడు బస్సులన్నిటికీ చెప్పాడు. రోగులకు పథ్యం మజ్జిగ ఆ నీళ్ళతోనే చేయమని ఇంటింటికీ పంపాడు కూడా.

డాక్టరుగారి దగ్గరికి సూర్యాపేటలో ఒక బస్సు డ్రైవరు వచ్చాడు, కళ్ళు పచ్చగా. వెనకే అతని భార్య, ఆమె కళ్ళూ పచ్చగా. పని మీద నేనూ అక్కడే ఉన్నాను. ఏం తిన్నావు, ఎక్కడ తిన్నావు అని అడుగుతారనుకున్నాను. ఆయన అడిగింది వేరు.

"ఈ మధ్యల ఏ నీళ్ళు మెచ్చుకున్నవ్?"

డ్రైవరు అంత నీరసంలోనూ ముఖం విప్పాడు. "నీళ్ళంటే కోదాడ పుల్లయ్యగారి బాయియే సారూ. గవి తాగినంక మా ఇంటి నీళ్ళు గొంతు దిగుతలేవు. రోజు కూజా నింపి ఇంటికి తెస్త. ఇది గూడ గవే తాగుతది."

వాళ్ళు వెళ్ళాక డాక్టరుగారు నా వైపు తిరిగారు. "తిన్నది మరిసిపోతరయ్యా మనుషులు. మెచ్చుకున్న నీళ్ళు మరవరు." నేను నా సీసా సంగతి, విరగని గులాబీ రంగు సంగతి గర్వంగా చెప్పాను. ఊళ్ళో కామెర్లని విన్నప్పుడే ఆయన మిగతా బావుల నీళ్ళతో పాటు ఆ బావి నీళ్ళూ హైదరాబాదు ప్రయోగశాలకు పంపించారట. అక్కడా దోషం లేదనే వచ్చిందట. "మీ ఇంట్ల పిండి జల్లిస్తరా?" అని అడిగారు. జల్లిస్తారన్నాను. "జల్లెడల నూక ఆగుతది. పిండి జారిపోతది. మన పరీక్షలన్నీ నూకను పట్టే జల్లెడలు. ఈ కామెర్ల క్రిమి పిండి కన్న సన్నం. మైక్రోస్కోపుకు గూడ దొరకది. ఎవరూ సూడలేదు దాన్ని." తర్వాత గొడుగు కొనతో నేల గీకారు. "మామూలోళ్ళు నెలరోజులు పండుకొని లేస్తరు. కడుపుతోని ఉన్నోళ్ళకు వస్తే మాత్రం... నా చేతులల్ల పోయిన్రయ్యా. ఏం చెయ్యలేకపోయిన." అప్పుడు నాకు మిర్యాలగూడ పోయే కడవ గుర్తుకొచ్చింది. చెప్పాను. ఆయన గొడుగు తీసుకుని లేచారు. తరువాతి బస్సులో ఇద్దరం కోదాడలో దిగాం.

పుల్లయ్యగారు మమ్మల్ని కూర్చోబెట్టి విన్నాడు, వింటున్నకొద్దీ మీసాలు బిగుసుకున్నాయి. "నా బాయిల రోగమున్నదా? ఏదీ, సూపియ్యిన్రి."

"సూపియ్యలేను పటేలా. అది కండ్లకు దొరకది."

"యంత్రానికి?"

"దానికీ దొరకది."

"దొరకని దొంగ పేరు జెప్పి నా బాయిని జైల్ల పెడతరా? మీ ఇన్‌స్పెక్టరే గదా శుద్ధమన్నడు!" అని నన్ను సాక్షిగా చూపించాడు. నేను గోడ మీద బల్లిని శ్రద్ధగా పరిశీలించాను. లోపలి నుంచి అనసూయమ్మ గొంతు వచ్చింది. "కడుపుతోని ఉన్న పిల్ల నోరు తెరిచి అడిగింది నీళ్ళేనయ్యా. పట్టుచీర అడగలే. గవి గూడ ఆపమంటవా?" పోనీ కాచి పంపమన్నారు డాక్టరుగారు. "కాగు నీళ్ళు బాలింతకు ఇస్తరు, జొరమొచ్చినోళ్ళకు ఇస్తరు. బంగారమసొంటి పిల్లకు ఇప్పుడే ఎందుకిస్త? అయినా కాగవెట్టినంక నీళ్ళల్ల రుచేముంటది?" అంది ఆవిడ.

డాక్టరుగారు వాదించలేదు. లేచి పెరట్లోకి వెళ్ళారు. ఈసారి గోడ మీదుగా అవతలికి చూశారు, హోటలు వెనక నా గుంతను. ఎంత లోతని నన్ను అడిగారు. చెప్పాను. అడుగున ఏం తగిలిందని అడిగారు. అదీ చెప్పాను. ఆయన తల ఊపారు. తిట్టి ఉంటే బాగుండేది. తిరిగి వచ్చి పుల్లయ్యగారి పక్కన కూర్చున్నారు. "పటేలా, దొంగ దొరకడు, నిజమే. దొంగ వచ్చిన తోవ దొరకబుచ్చుకుందాం. ఆ గుంతల రెండు బస్తాల ఉప్పు పోయిస్త. నీ బాయి నీళ్ళు తియ్యగనే ఉంటే నేను ఓడిపోయిన. ఉప్పగైతే ఉప్పొచ్చిన తోవల్నే రోగం గూడ వచ్చినట్టు. జడ్జివి నువ్వే. నాలిక నీది. తీర్పయ్యేదాక మాత్రం కడవ పంపొద్దు."

తన నాలుక మీద పుల్లయ్యగారికి ఎంత నమ్మకమో డాక్టరుగారికి తెలుసు. ఆయన వెంటనే ఒప్పుకున్నాడు. ఉప్పు బస్తాలు మోసి గుంతలో పోసే భాగ్యం నాకే దక్కింది. ఊరు ఊరంతా వచ్చి చూసింది. "ఇన్‌స్పెక్టర్ సారు పాయిఖానాకు ఊరగాయ పెడుతున్నడు" అని హోటల్లో ఒకడు అన్న మాట నేను బదిలీ అయ్యేదాకా నా వెంటే తిరిగింది.

ఒకటి రెండు పొద్దులు ఏమీ కాలేదు. పుల్లయ్యగారు వచ్చిపోయేవాళ్ళందరికీ నీళ్ళు పోస్తూ "ఎట్లున్నయ్?" అని ఇంకాస్త గట్టిగా అడిగాడు. డాక్టరుగారు నా గదిలోనే మకాం పెట్టి, ఒక చిన్న సీసాలోంచి వెండితో చేసిన మందు చుక్కలు బావి నీళ్ళలో వేసి చూసేవారు. ఉప్పు ఉంటే నీళ్ళు పాలు కలిసినట్టు తెల్లబడతాయి. ఒక సాయంత్రం తెల్లబడ్డాయి, మొదటి రోజుకంటే చిక్కగా. నేను పరుగున వెళ్ళి పుల్లయ్యగారికి చూపిద్దామన్నాను. ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపారు. "సీస చెప్తే నేను నమ్ముత. ఆయన నాలిక చెప్తేనే ఆయన నమ్ముతడు. పొద్దుగాల్ల దాక ఓపిక పట్టు."

మర్నాడు పొద్దున పుల్లయ్యగారు వేపపుల్ల నములుకుని, చేద లాగి, దోసిట్లో నీళ్ళు పట్టి నోట్లో పోసుకున్నాడు. అంతే, ఆగిపోయాడు. మింగలేదు, ఉమ్మలేదు. ఈ పొద్దున నేను నిలబడ్డట్టే నిలబడ్డాడు. అప్పుడు మేమంతా ఆయన బుగ్గల వైపే చూస్తున్నాం. మెల్లగా ఉమ్మి, మళ్ళీ దోసిలి పట్టాడు. మళ్ళీ ఉమ్మాడు. భార్యను పిలిచి ఆమె దోసిట్లో పోశాడు. "వేపపుల్లకు నోరు చేదైందేమో. నువ్వు సూడు."

అనసూయమ్మ తాగి ఆయన ముఖం చూసింది. "ఉప్పు గిట్ల కలిపినవా, ఏంది?"

పుల్లయ్యగారు దోసిలి దులిపాడు. గిలక మీది తాడు విప్పాడు. చుట్ట చుట్టి గోడకు తగిలించాడు. చేద బోర్లించాడు. బావి చప్టా మీద కూలబడ్డాడు. "ఇన్ని కడవలు పంపితినే," అన్నాడు, ఎవరితోనో తెలియదు. "నా చేతుల్తోనే గుడ్డ కట్టి పంపితిని." తర్వాత తలెత్తి గోడ అవతలికి చూసి, నా వైపు చూశాడు. నేను నోరు తెరిచేలోపు డాక్టరుగారు మా ఇద్దరికీ మధ్యలోకి వచ్చి నిలబడ్డారు. "ఆ గుంత మా శాఖది పటేలా. శాఖకు ఈడ పెద్ద నేను. తవ్వేముందు వచ్చి సూడవలసింది నేను. రాలేదు. తప్పు నాది." ఆయన ఎత్తు ఆ రోజు నాకు మొదటిసారి పనికొచ్చింది. నేను పూర్తిగా ఆయన వెనక పట్టాను.

ఆ మధ్యాహ్నమే ముగ్గురం మిర్యాలగూడ బయలుదేరాం. హుజూర్‌నగర్ దాటాక పుల్లయ్యగారు "పిల్ల బతుకుతదా సాబ్?" అని ఒక్కటే అడిగాడు. "ముందు కండ్లు సూడనీ," అన్నారు డాక్టరుగారు. ధైర్యం చెప్పడానికైనా ఆయన అబద్ధమాడలేదు. కాని దారి పొడుగునా పుల్లయ్యగారి మోకాలి మీద చెయ్యి వేసే ఉంచారు.

సుశీల నవ్వుతూ ఎదురొచ్చింది. ఇత్తడి చెంబుతో నీళ్ళు తెచ్చింది. "తాగు నాయినా, మన బాయి నీళ్ళే. నువ్వు పంపిన కడవలయే." పుల్లయ్యగారు చేతులు వెనక్కి తీసుకున్నాడు. డాక్టరుగారు ఈసారి పెరట్లోకి వెళ్ళలేదు, నాకు తెలిసి అలవాటు తప్పింది ఆ ఒక్కసారే. ఆ పిల్లను వెలుతురులోకి తీసుకెళ్ళి పైకప్పు పెంకుల వైపు చూడమన్నారు. కళ్ళు సున్నమేసిన గోడల్లా తెల్లగా ఉన్నాయి. నేను ఊపిరి వదిలాను. ఆయన వదల్లేదు. "ఇయాల లేదంటే రేపు రాదని కాదు. లోపలికి పోయినంక నెల గూడ పడతది బయటపడనీకి. ఎన్ని కడవలు తాగింది?" అని ఆమె అత్తగారిని అడిగారు.

ఆ అత్తగారు రాజమ్మ, గుంజకు ఆనుకుని నిలబడి ఉంది. మేమెందుకు వచ్చామో విన్నప్పటి నుంచీ ఆమె ముఖంలో రంగులు మారుతున్నాయి. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, తీసింది, మళ్ళీ పెట్టుకుంది. చివరికి అంది: "ఒక్క కడవ గూడ తాగలె."

అందరం ఆమె వైపు తిరిగాం.

"ఏంజెయ్యాలె సారూ! కోడలొచ్చిన కాడికెల్లి మా ఇంటి నీళ్ళు ఉప్పగున్నయ్, చవ్వగున్నయ్ అని ఒకటే మాట. ఇగ కడవలొచ్చుడు, వాడకట్టంత సూసుడు. మా బాయి నీళ్ళు తాగి నేను నలుగురిని కనలేదా? నాకు మండింది. వచ్చిన కడవ వచ్చినట్టు బర్రెకు పోసిన. మా బాయి నీళ్ళే కాగవెట్టి, సల్లార్చి, ఇంత జీలకర్ర ఏసి అదే కడవల పోసిన. ఈ పిల్ల తాగి, 'ఆహా, మా అమ్మగారి నీళ్ళు' అనబట్టె. నేను లోపల్లోపల నవ్వుకోబడితి."

తరతరాల తీపి బావి, వడ్ల బండ్లెక్కి, ఊళ్ళు దాటి వచ్చి బర్రె తొట్టిలో పడిందన్న సంగతి పుల్లయ్యగారికి అందడానికి సమయం పట్టింది. అందాక ఆయన లేచి రాజమ్మకు రెండు చేతులూ జోడించాడు. కళ్ళ నీళ్ళు మీసాల్లోకి దిగుతుండగా, "వదినె, ఇంకో బర్రెను కొనిస్త. దానికి గూడ పొయ్యి," అన్నాడు. ముందు రాజమ్మ నవ్వింది, తర్వాత డాక్టరుగారు, ఆ తర్వాత గొడుగు కూడా ఊగింది. సుశీల మాత్రం చెంబు పట్టుకుని అలాగే నిలబడింది. "మరి అచ్చం అమ్మ చేతి నీళ్ళ లెక్కనే ఉండె గదా అత్తమ్మా!" అంది. రాజమ్మ కొంగుతో ఆ పిల్ల నుదురు తుడిచింది. ఆ ఇంట్లో అత్తాకోడళ్ళ నీళ్ళ తగవు ఆ పూటతో తీరిందని తర్వాత విన్నాను. సుశీలకు కోదాడలోనే పురుడు పోశారు, కొడుకు, నీళ్ళన్నీ కాచినవే. ఈసారి రుచి గురించి అనసూయమ్మ ఒక్క మాట అనలేదు.

తిరుగు బస్సులో డాక్టరుగారు కిటికీ వైపు చూస్తూ అన్నారు: "సూసినవా? ఆయన నాలిక నిజం పట్టుకున్నది. ఆ పిల్ల నాలికకు అమ్మ కావాలె, అమ్మనే దొరికింది. అందుకే సీస గూడ దగ్గర పెట్టుకోవాలె, సీస ఒక్కదాన్నే గూడ నమ్మొద్దు." కాసేపాగి నా భుజం తట్టారు. "నువ్వు ఇంత లోతైన మనిషివని ముందే తెలిస్తే జాగ్రత్తగ ఉండేవాణ్ణి." ఆయన నన్ను శిక్షించింది ఆ ఒక్క మాటతోనే, కాని ఆ శిక్షకు గడువు లేదు. గుంత పూడ్పించి, దూరంగా, పల్లంలో, పైపైన కొత్తది తవ్వించి, బావి తోడించి శుభ్రం చేయించాక కూడా, ఎవరికి పరిచయం చేసినా "ఈయన శాన లోతైన మనిషి" అనేవారు. వినేవాళ్ళు గౌరవంగా నమస్కారం పెట్టేవారు. నేను గుంతలో పడ్డవాడిలా పైకి చూస్తూ ప్రతినమస్కారం చేసేవాణ్ణి.

ఇప్పుడు నీళ్ళలో ఎంత సన్నని క్రిమినైనా పట్టే యంత్రాలున్నాయట. ఉండాలి, సంతోషం. నాకు మాత్రం ఇప్పటికీ ఎవరింటికి వెళ్ళినా కాళ్ళు పెరటి వైపు లాగుతాయి. నా కింద పనిచేసిన కుర్రాళ్ళు తప్పు చేసినప్పుడు, నాకు ఆయన ఎత్తు లేకపోయినా, మధ్యలోకి వెళ్ళి నిలబడడానికి ప్రయత్నించాను.

ఇక నా పగ సంగతి. ఆయన ఉద్యోగం విరమించాక ఒకసారి సూర్యాపేటలో మా సొంతింటికి వచ్చారు. నడుం కొంచెం వంగింది, గొడుగు స్థానంలో చేతికర్ర వచ్చింది. కొత్త అల్లుడు కూడా ఇంట్లోనే ఉన్నాడు. మోకాళ్ళ నొప్పి వల్ల కాబోలు, ఆ రోజు పెరడు చూడకుండానే కుర్చీలో కూర్చున్నారు. కూర్చోగానే అల్లుడితో, "మీ మామ శాన లోతైన మనిషి బాబూ," అని మొదలుపెట్టారు. నేను మెల్లగా వంటింట్లోకి వెళ్ళాను. వెండి గ్లాసులో చల్లటి నీళ్ళు పోసి, ఉప్పు డబ్బా మూత తీశాను. బాగా కలిపి, రెండు చేతులతో భక్తిగా తెచ్చి ఇచ్చాను.

ఆయన ఒక గుక్క తాగారు. కథ మధ్యలోనే ఆగారు. నా వైపు చూడను కూడా చూడలేదు. గ్లాసు దించి, కర్ర అందుకుని, మోకాళ్ళ నొప్పి మరిచిపోయి, ఎప్పటి నడకతో నేరుగా పెరట్లోకి నడిచారు. మా ఆవిడ కంగారుగా చెంబు నిండా నీళ్ళు పట్టుకుని వెనకే పరిగెత్తింది. బావి చూశారు. పాయిఖానా చూశారు. నేల వాలు చూశారు. రెండింటి మధ్య దూరం కర్రతో కొలిచారు. అంతా సరిగ్గానే ఉంది. ఆయన దగ్గర నేర్చుకున్నవాడు కట్టించిన ఇల్లు మరి. అప్పుడు తిరిగి నన్ను చూశారు. నేను గుమ్మం పట్టుకుని నవ్వు ఆపుకోలేక ఊగిపోతున్నాను.

వచ్చి కూర్చున్నారు. గ్లాసు తీసుకుని మిగిలిన ఉప్పు నీళ్ళు కూడా చివరి చుక్క దాకా తాగి బోర్లించారు. మూతి తుడుచుకున్నారు.

"ఆనాడు రెండు బస్తాలు పట్టింది," అన్నారు. "ఇయాల చెంచతోనే కానిచ్చినవ్. పని నేర్చినవయ్యా."

చెంబు పట్టుకుని మా ఆవిడ ఇంకా పెరట్లోనే నిలబడి ఉంది.